జిగురు పెట్టని చోటు

హనుమన్న సారు బాధల్లా ఒక్కటే. తన తుపాకులను కుదురుగా చూసేవాడు గుండ్లబండ ఊళ్లో ఒక్కడూ లేడు.

తుపాకులంటే కంగారు పడకండి. మా కర్నూలు వైపు తుపాకి అన్న మాట వినబడితే ముందు పోలీసులు, వాళ్ల వెనకాలే పేపరువాళ్లు దిగుతారు. ఇవి ప్లాస్టిక్కువి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకాశాన పోయే విమానాలను నేల మీద నుంచి పేల్చి కూల్చే తుపాకులు ఉండేవి కదా, వాటిని ముప్పై అయిదో వంతుకు కుదించి, ముక్కలుగా పెట్టెలో సర్ది అమ్ముతారు. కొన్నవాడు ఆ ముక్కలు కత్తిరించి, అంచులు గీకి, జిగురుతో అతికి, రంగులు వేసుకోవాలి. అంటే డబ్బిచ్చి మరీ చాకిరీ కొనుక్కోవడమన్న మాట. మైదుకూరు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాక సొంతూరు చేరిన హనుమన్న సారు ఈ చాకిరీలో నిండా మునిగాడు.

ఆయన మైదుకూరులో గది తీసుకుని పిల్లలకు మామిడికాయ బొమ్మ నేర్పుతున్నన్నాళ్లూ గుండ్లబండలో నాలుగెకరాల చేను చూసుకున్నది భార్య సుంకమ్మ. ఆయన సెలవులకు వచ్చినప్పుడు ఇంటి ముందు మంచం వేసుకుని కూర్చునేవాడు. రిటైరయ్యాకా అదే మంచం, అదే చోటు. కొత్తగా చేరింది ముందర ఒక బల్ల, దాని మీద కత్తెరలు, సన్న గరుకు కాగితం, కుంచెలు, భూతద్దం. సుంకమ్మ పొద్దున చేనుకు పోయేటప్పుడు ఆ బల్ల పక్కనుంచే పోయేది, సాయంత్రం ఆ పక్కనుంచే వచ్చేది. ఆయన ఒక ముక్క అతికిస్తూ తనలో తాను గొణుక్కుంటూనే ఉండేవాడు.

"ఈడ జిగురు పెట్టగూడదు. ఈ ఇరుసు కాడ చుక్క తగిలినా గొట్టం కదల్దు. అంతా బిగుసుకుపోతాది."

ఆయన గొప్పంతా ఆ ఒక్క చోటే ఉంది. పెట్టెలో ఇచ్చే కాగితం ప్రకారం చేస్తే ఎవడైనా చేస్తాడు. గొట్టం పైకీ కిందికీ మెత్తగా కదిలేలా చెయ్యడమే విద్య. గొట్టం కొన పట్టుకుని లాగితే విరుగుతుంది. మొదట్లో, ఇరుసు పక్కన, వేలిగోటితో నెమ్మదిగా నెట్టాలి. ఈ సంగతి ఎవరికైనా చెబుదామంటే వినేవాడు లేడు. ఇంటికొచ్చినవాళ్లు "పిల్లలకా సారూ?" అని అడిగి, పిల్లలెవరూ లేరని గుర్తొచ్చి, టీ తాగి పోయేవాళ్లు. సుంకమ్మ సంగతి అడగనే వద్దు. "మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె" అని ఒక మాట విసిరి పశువుల దగ్గరికి పోయేది.

అట్లాంటి మనిషికి ఆ యేడు కరువు కలిసొచ్చింది.

వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళ. మబ్బులు పట్టేవి, చల్లగాలి వీచేది, ఊరంతా మెడలు ఎత్తి చూసేది, అంతలోకే ఆకాశం కడిగిన కంచంలా అయిపోయేది. ఇది ఏటా ఉండే వ్యవహారమే. కానీ ఏటా ఉండేదానికి కూడా ఎవరో ఒకరు కారణం కావాలి. ఆ సంవత్సరం దొరికిన కారణం విమానం. బెంగళూరు నుంచి ఎక్కడికో పోయే విమానం ఒకటి రోజూ ఊరి మీదుగా తెల్లటి చార గీసుకుంటూ పోతుంది. అదే మబ్బుల్ని తరుముతోందని ఒకరన్నారు. దాన్ని కొండల మీద గాలిమరలు పెట్టిన కంపెనీవాళ్లు పంపుతున్నారని మరొకరన్నారు. అందులో కూర్చున్న మనిషి మందు చల్లుతుంటే కళ్లారా చూశానని చెప్పేవాడు కూడా తయారయ్యాడు. అంత పైన పోయే విమానంలో మనిషి కనబడిన ఆ కళ్లకు ఊరి బడి పక్కన పడి ఉన్న పైపులు మాత్రం కనబడలేదు.

ఆ పైపుల కథ కూడా చెప్పాలి. కాలువ నుంచి ఊరి కుంటకు నీళ్లు తెస్తామని సర్పంచి దేవేంద్రప్ప ఓట్లప్పుడు చెప్పాడు, గెలిచాక పైపులు దింపించాడు కూడా. కుంట నిండితే చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఊరతాయి, చేలు బతుకుతాయి. పైపులు దిగాయి, ఫొటోలు దిగాయి, పని అక్కడితో ఆగింది. ఇప్పుడు వాటిలో ఊరి పందులు కాపురం చేస్తున్నాయి. ఈసారి చేలు వాడుతుంటే ఆడవాళ్లు ఊరుకోలేదు. సుంకమ్మ ముందుండి వాళ్లను ఖాళీ బిందెలతో పంచాయతీ ఆఫీసు ముందు కూర్చోబెట్టింది. దేవేంద్రప్ప వెనక తలుపు నుంచి రాకపోకలు సాగించాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్న ఈరన్న అనే ముసలి రైతు సెల్లుఫోను ఛార్జింగు పెట్టుకుందామని హనుమన్న సారు ఇంటికి వచ్చాడు. బల్ల మీద పెట్టె మూత ఉంది. దాని మీద రంగుల బొమ్మ: కింద తుపాకి, పైన మండుతూ కూలుతున్న విమానం.

"ఇదేంది సారూ, విమానం తగలబడిపోతాండాది?"

"ఈ తుపాకే కూల్చింది లేప్పా."

ఈరన్న బల్ల మీదికి వంగాడు. అరచేతిలో పట్టేంత తుపాకి, నాలుగు చక్రాలు, రెండు కుర్చీలు, పైకెత్తిన పొడుగాటి గొట్టం. "ఆ తుపాకి ఇదేనా?"

"ఇదే. కాకపోతే ఇది బొమ్మ."

"బొమ్మయితే ఏమి సారూ? నా జొన్న చేన్లో నిలబెట్టిన దిష్టిబొమ్మకు పానముండాదా? దాన్ని సూసి పిట్టలు రాకుండా పోతాండ్లేదా? లారీకి కట్టే నిమ్మకాయ లారీ అంత ఉండల్లనా?"

హనుమన్న సారు దీనికి జవాబు చెప్పవలసింది. చదువు చెప్పిన మనిషి, చెప్పగలడు కూడా. కానీ ఈరన్న అప్పటికే భూతద్దం చేతిలోకి తీసుకుని తుపాకి చుట్టూ తిరిగి చూస్తున్నాడు, "అబ్బ, శానా నైసుగా ఉండాది సారూ" అంటున్నాడు. ఆ మాట కోసం సారు ఎన్నేళ్లు కాచుకున్నాడో ఆయనకే తెలుసు. దిష్టిబొమ్మ సంగతి పక్కనబెట్టి, గొట్టం ఎట్లా కదులుతుందో, ఇరుసు దగ్గర జిగురు ఎందుకు తగలకూడదో వివరంగా చెప్పుకుపోయాడు. ఈరన్న ఫోను నిండిపోయినా కదలలేదు.

మర్నాడు నలుగురు రైతులు వచ్చి తుపాకీని ఒక్క పూట చేనుకు పంపమని అడిగారు. పంపాడు. ఆ సాయంత్రం విమానం కనబడలేదు. మబ్బు దట్టంగా ఉంటే విమానం ఎవరికి కనబడుతుంది? పైగా నాలుగు చినుకులు రాలాయి. కాకి వాలింది, తాటిపండు పడింది. ఇంకేముంది, గోరంతలు కొండంతలయ్యాయి.

దేవేంద్రప్ప ఈ కబురు విని, చాలా రోజుల తర్వాత ముందు తలుపు నుంచి బయటికి వచ్చాడు. నేరుగా హనుమన్న సారు ఇంటికే వచ్చాడు, చేతిలో శాలువాతో.

"సారూ, ఊర్లో మాణిక్యాన్ని పెట్టుకుని మేం గుడ్డోళ్ల మాదిరి తిరుగుతాంటిమి" అంటూ శాలువా కప్పాడు. తుపాకీని చూడబోయి గొట్టం కొన పట్టుకుని లాగాడు. అది పుటుక్కున విరిగింది.

"ఏం పర్లేదు, అతికిస్తా" అన్నాడు సారు. వేరెవరైనా విరిచి ఉంటే ఆయన ఆ పూట అన్నం తినేవాడు కాదు. శాలువా మహిమ అట్లాంటిది.

మూడు మాటల్లో తేలిపోయింది. తుపాకి ఊరిది. దానికొక కట్ట కట్టాలి. మబ్బుల్ని తరిమే దొంగ విమానం పని పట్టాక నీళ్లకు కొదవేముంది, పైపుల కోసం ఈ గోల ఎందుకు, అని దేవేంద్రప్ప పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి అడిగాడు. బిందెలతో కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల మొగుళ్లు వచ్చి లేపుకుపోయారు. చివరికి సుంకమ్మ ఒక్కతే మిగిలింది. ఒక్క బిందెతో ధర్నా ఏముంటుంది? ఆమె కూడా లేచి ఇంటికి వచ్చింది. అప్పటికీ సారు శాలువాలోనే కూర్చుని ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

"యాల అట్ల నవ్వుతాండావు?" అంది. "నీ బొమ్మను సూసి ఆడోళ్లంతా లేసిపోయినారు. ఇంగ పైపు సంగతి అడిగేదెవరు?"

"నేనేం చేస్తినే? వాళ్లే నమ్మినారు."

"కాదని చెప్పల్ల గదా. నోటికి కూడా జిగురు పెట్టుకుంటివా?"

ఆయన తుపాకి గొట్టాన్ని అతికిస్తూ తల ఎత్తలేదు. సుంకమ్మ చెప్పింది నిజమని ఆయనకు తెలుసు. ఆ ఒక్క మాట చెబితే ఆడవాళ్లు రేపు పొద్దునే మళ్లీ బిందెలతో కూర్చుంటారనీ, చేను బతకడానికి ఇంకా టైముందనీ తెలుసు. కానీ చెబితే శాలువా పోతుంది, భూతద్దం పట్టుకుని చూసే ఈరన్న పోతాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు.

రేపటికి కట్ట కట్టడం మొదలైంది. బడి ముందు సిమెంటు అరుగు లేపారు. తుపాకీని దేని మీద పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు, తాపీ మేస్త్రీ చుట్టూ చూసి, పడి ఉన్న పైపుల్లో ఒకదాన్ని పందులను తోలి మరీ తెచ్చాడు. ఛాతీ ఎత్తుకు కోసి, అరుగు మధ్యలో నిలువుగా పాతి, లోపల కంకర పోశాడు. దాని మీద నున్నటి బండ, బండ మీద తుపాకి, తుపాకి చుట్టూ అద్దాల పెట్టె. కాలువ నీళ్లు తేవాల్సిన పైపు అట్లా తుపాకీకి పీఠమై నిలబడింది. పసుపు కుంకుమలు పెట్టారు, టెంకాయ కొట్టారు. తన పనిని ఇంతమంది వరసలో నిలబడి చూడటం సారుకు కన్నీళ్లు తెప్పించింది. దండం పెట్టి కళ్లు మూసుకున్నవాళ్లకు తుపాకి కనబడదన్న సంగతి ఆయనకు తట్టలేదు.

వాన మాత్రం పడలేదు. గొట్టం కొంచెం తూర్పుకుందని దేవేంద్రప్ప కనిపెట్టాడు. సారు పోయి తిప్పాడు. అప్పుడు మరీ ఉత్తరానికైందన్నారు. మళ్లీ తిప్పాడు. విమానం మాత్రం వేళ తప్పకుండా నెత్తి మీదుగా చార గీసుకుంటూ పోతూనే ఉంది. అది వేరే విమానమని ఈరన్న అన్నాడు. నమ్మదలుచుకున్నవాడికి సాకులు ఎప్పుడూ కరువు కావు, కరువులో కూడా.

ఒకరోజు సుంకమ్మ పొద్దున్నే పశువులను తోలుకుని చేనుకు పోయింది. వాటిని పైరులోనే వదిలేసింది. ఊడలు దిగని చెట్టుకు కాయలెక్కడివి? కనీసం పశువులైనా తింటాయని. ఇంటికి వచ్చి ఆ సంగతి సారుకు చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఇంతలో పెద్ద కబురు. తుపాకి కట్టను ప్రారంభించడానికి మంత్రి హెలికాప్టరులో వస్తున్నాడు. బడి వెనక మైదానంలో సున్నం గీతలు గీశారు, బడి ముందు కట్టకు ఎదురుగా షామియానా వేశారు, స్టేజీ కట్టారు. ఊరంతా చేరాక, బందోబస్తుకు వచ్చిన ఎస్సై కట్ట దగ్గర ఆగి, అద్దాల పెట్టె మీద అంటించిన బోర్డు చదివాడు. "విమానాలను కూల్చు తుపాకి." ఆయన మొహం మాడిపోయింది.

"మంత్రిగారి హెలికాప్టరు దీని మీదుగానే దిగల్ల. పైవాళ్లు నన్ను అడుగుతారు. ఏమప్పా, చేసింది ఎవరు?"

హనుమన్న సారు ముందుకు వచ్చాడు.

"ఇది నిజమైందా, ఆటబొమ్మా? ఒక్క మాటలో చెప్పండి సారూ."

దేవేంద్రప్ప సారు చెవిలో గొణిగాడు. "ఎస్సైకి మెల్లగా చెప్పండి సారూ, బొమ్మని. గట్టిగా వద్దు. జనం ఇంటాండారు."

సారు జనం వైపు చూశాడు. ముందు వరసలో సుంకమ్మ నిలబడి ఉంది. చంకలో ఒక కట్ట. వేళ్లతో సహా పెరికిన వేరుశనగ చెట్లు, ఎండి చొప్పయిపోయినవి, ఒక్క కాయ లేదు. అవి ఎవరి చేనివో ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక శాలువా ఉక్కగా అనిపించింది.

"బొమ్మ సార్!" అని అరిచినట్టే అన్నాడు. "ప్లాస్టిక్కుది. దీనితో ఈగ కూడా చావదు. ఆ సంగతి నాకు తెలుసు, దేవేంద్రప్పకూ తెలుసు. మబ్బుల్ని ఏ విమానమూ తరమడం లేదు. మనకు కావాల్సింది ఆ పైపులు!"

చెప్పేశాను, ఇక ఏం జరిగినా జరగనీ అనుకున్నాడు.

ఏమీ జరగలేదు. దేవేంద్రప్ప పకపక నవ్వాడు. "చూస్తిరా అప్పా మన సారు తెలివి! పోలీసోళ్ల ముందర తుపాకి అంటే కేసు గదా!"

జనం చప్పట్లు కొట్టారు. చిన్న ఈరన్న అయితే సారుకు కన్ను గీటి, "బలే జెప్తివి సారూ" అన్నాడు. అబద్ధానికి శాలువా కప్పిన ఊరు నిజానికి కూడా శాలువా కప్పి మూల కూర్చోబెట్టింది. ఎస్సై 'బొమ్మ' అని రాసుకుని, చెమట తుడుచుకుని పోయాడు.

హెలికాప్టరు వచ్చింది. సరిగ్గా తుపాకి నెత్తి మీదుగానే, దుమ్ము లేపుకుంటూ, షామియానా గుంజలు ఊపుకుంటూ దిగింది. ఈరన్న తుపాకి వైపు, హెలికాప్టరు వైపు మార్చి మార్చి చూశాడు.

"ఏమప్పా దేవేంద్రప్పా, నెత్తిమీదనే పోతాంటే ఇది గమ్మునుండాదే?"

దేవేంద్రప్ప అప్పటికే మైకు అందుకున్నాడు. "మనోళ్ల విమానమని గుర్తుపట్టింది! శత్రువు ఎవడో, మనవాడు ఎవడో దానికి తెలుసు!"

మళ్లీ చప్పట్లు. మంత్రి స్టేజీ ఎక్కి, దండలు వేయించుకుని, ఇట్లాంటి ఆయుధాలు కరువు ప్రాంతమంతటా రావాలని మొదలుపెట్టాడు. అంతలో సుంకమ్మ కట్ట ఎక్కింది. అద్దాల పెట్టె తలుపు తీసింది. ఎండిన చెట్ల కట్టను పీఠం మీద పెట్టి, తుపాకి మొదట్లో, ఇరుసు పక్కన, బొటనవేలి గోటిని ఆనించి నెమ్మదిగా నెట్టింది. ఆకాశంలోకి చూస్తున్న గొట్టం మెత్తగా, ఎక్కడా పట్టకుండా, కిందికి దిగింది. రెండో చేత్తో తుపాకీని కొంచెం తిప్పింది. ఇప్పుడు అది స్టేజీకి సూటిగా ఉంది.

మంత్రి మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన పక్కనున్న గన్‌మన్ అడ్డంగా దూకాడు. దేవేంద్రప్ప కుర్చీ వెనక నక్కాడు. మంత్రి, మెడలోని దండలు మొహానికి అడ్డం వచ్చేంతగా వంగిపోయాడు.

"బొమ్మ సార్, బొమ్మ!" అని ఎస్సై అరుస్తున్నాడు. "నేను రాసుకున్నాను!"

ముందు నవ్వింది చిన్న ఈరన్నే. "ఏమప్పా దేవేంద్రప్పా, మనోళ్లను గుర్తుపట్టలేదా ఇది?" ఆ నవ్వు ఆడవాళ్లకు అంటుకుంది. వాళ్ల నుంచి షామియానా అంతటా పాకింది.

సుంకమ్మకు మైకు అక్కర్లేదు. "మంత్రి సారూ, లెయ్యి. అది ఏం చెయ్యదు. ఈ తుపాకి కింద నిలబెట్టిండేది మా పైపు. నిలబెట్టిన పైపులో నీళ్లు యాడ పారతాయి సారూ? పండబెట్టించు. మిగిలినవి అదో, ఆ గోడ పక్కన ఉండాయి. పందులను మేమే తోల్తాం."

మంత్రి ఏదో అనబోయి, ఆలస్యమైందన్నాడు. హెలికాప్టరు వచ్చిన దుమ్ములోనే లేచిపోయింది. దేవేంద్రప్ప దాని వెనక కొంత దూరం పరుగెత్తి, తిరిగి చూస్తే, ఆడవాళ్లు ఇళ్లకు పోయి బిందెలు తెచ్చుకుని కట్ట చుట్టూ కూర్చుంటున్నారు. ఈసారి మొగుళ్లెవరూ లేపడానికి రాలేదు. ఎస్సై ఆ తుపాకీని ముందు అక్కడ నుంచి తీసెయ్యమన్నాడు.

పశువులకు మేత వేసి మళ్లీ వస్తానని ఆడవాళ్లకు చెప్పి సుంకమ్మ చేను వైపు బయలుదేరింది. సారు తుపాకీని శాలువాలో చుట్టి చంకన పెట్టుకుని వెనకాల నడిచాడు. కొంత దూరం పోయాక ఆగలేక అడిగేశాడు.

"ఊరంతా కొన పట్టుకుని లాగేవాళ్లే. దేవేంద్రప్ప అయితే విరిచే పెట్టినాడు. గొట్టం మొదట్లో గోటితో నెట్టల్లని నీకెట్ల తెలుసే?"

"ఇన్నేండ్లు గొణుగుతాంటివి గదా, ఈడ జిగురు పెట్టగూడదు, ఈడ గోటితోనే నెట్టల్లని. ఇన్లేదనుకుంటివా?" సుంకమ్మ నడక ఆపలేదు. "నల్లరంగు దానికి ఎడమ చక్రం తిరగబడి అతికిస్తివి. ఆ పచ్చదానికి ఒక కుర్చీ యాడనో పోతే అగ్గిపుల్లతో చేస్తివి. నీ బొమ్మలన్నీ సూసింటి నేను."

హనుమన్న సారు చంకలోని తుపాకీని చూసుకున్నాడు. తన పనిని చూసేవాళ్లు లేరని ఊరిని తిట్టుకుంటూ గడిపిన కాలమంతా, ఆ చూసే కళ్లు రోజుకు రెండుసార్లు బల్ల పక్కనుంచే పోయాయి.

"మరి ఒక్క రోజన్నా చెప్పలేదేమే?"

అప్పుడు ఆగింది సుంకమ్మ. వెనక్కి తిరిగింది.

"నేను నీ బొమ్మల్ని సూస్తి. నువ్వు నా చేను సూస్తివా, ఒక్కనాడన్నా?"

జవాబు కోసం నిలబడలేదు. గబగబా నడిచి తంగేడు పొదల మలుపు తిరిగిపోయింది. సారు కూడా అడుగులు వేగంగా వేశాడు. మలుపు దాటేసరికి ఆమె కనబడలేదు. గట్ల మధ్య దారి మూడుగా చీలి ఉంది. చంకలో తుపాకీతో ఆయన అక్కడే నిలబడిపోయాడు. అందులో ఏది తమ చేనుకు పోతుందో ఆయనకు తెలియదు.